పర్వదినమున మూసిన అంగడి

అంగడి తలుపు తెరచియున్నంతకాలము దానినిగూర్చి యెవ్వరును ఆలోచింపరు. అది మూతపడిన దినముననే చర్చ బయలుదేరును. ఉప్పు నిండుకొన్నదని కొట్టునకు పిల్లవానిని పంపిన యిల్లాలికి ఆ మూసిన తలుపు ఒక యిబ్బంది. పండుగ గిరాకి చేయిజారిపోవుచున్నదని లెక్క వేసికొను వర్తకునకు అది యొక నష్టము. ఏడాది పొడవునను తక్కెడ ముందు నిలిచి, ఆ యొక్కపూట తన బిడ్డల ప్రక్కన కూర్చుండి విస్తరిలో అన్నము తినుచున్న గుమాస్తాకు అదియే నిజమైన పర్వదినము. తాళము ఒక్కటే, అది ముగ్గురికి మూడు విధములుగా కన్పట్టుచున్నది. దేవుని పేర అంగడి మూయుమని శాసించుట న్యాయమా, కొనవచ్చినవాడు దానికి ఓర్చుకొనవలెనా, పరమతస్థుని మాట యేమి యను ప్రశ్నలు నేడు పుట్టినవి కావు. వీనికి రమారమి 1,700 సంవత్సరముల చరిత్ర కలదు.

ఈ వ్యాసమున ముఖ్యముగా ఇంగ్లండు దేశపు ఆదివారమునుగూర్చి చెప్పదలచితిని. ఆ దేశమున ఈ విషయమై శాసనములు ఒకదాని వెనుక నొకటి వ్రాతపూర్వకముగా నిలిచియున్నవి. కొనువారు వానిని ఏరీతి స్వీకరించిరో, ఏరీతి ధిక్కరించిరో కూడ తెలియుచున్నది. మరియు మన కచేరీలు, పాఠశాలలు పాటించు ఆదివారపు సెలవు ఆంగ్లేయుల పరిపాలనతోనే మన దేశమున స్థిరపడినది. కావున ఆ కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఆదివారమున పని మానవలెనను తొలి రాజశాసనము రోమక చక్రవర్తియైన కాన్‌స్టాంటైన్ క్రీ. శ. 321వ సంవత్సరము మార్చి 7వ తేదీన వెలువరించినది. పట్టణములలోని ప్రజలు, న్యాయాధికారులు ఆ దినమున విశ్రమింపవలెనని, కర్మశాలలు మూయవలెనని ఆయన ఆజ్ఞాపించెను. కాని పల్లెలలోని కృషీవలులను మాత్రము ఆ యాజ్ఞనుండి విడిచిపెట్టెను. విత్తనము చల్లుటకు, ద్రాక్షతీగ నాటుటకు అనువైన అదను తప్పినచో మరల రాదనియే దానికి కారణము. చక్రవర్తి శాసనము సయితము వానకు, అదనుకు తలయొగ్గినదన్నమాట. ఈ విషయమున వెలువడిన తొలి శాసనముననే మినహాయింపు కూడ పుట్టినదని పాఠకులు గమనింపవలెను. తరువాతి చరిత్రయంతయు ఆ మినహాయింపుల కథయే.

మధ్యయుగపు ఇంగ్లండున ప్రజలు వారమున కొకమారు దేవాలయమునకు చేరుచుండిరి. జనము చేరినచోట వర్తకుడు చేరకుండునా? చర్చి ప్రాంగణములోనే సంతలు సాగెను. మన తీర్థములలో దైవదర్శనమును, గాజులు, చిలుకల బొమ్మల బేరమును ఒక్క ప్రయాణముననే ముగియునట్లు, వారికిని ప్రార్థన, బజారు కలిసియుండెను. 1285లో వెలువడిన వించెస్టరు శాసనము చర్చి ప్రాంగణములలో సంతలు జరుపరాదని నిషేధించెను. 1448లో ఆరవ హెన్రీ కాలమున మరియొక శాసనము పుట్టి, ఆదివారములందును, గుడ్ ఫ్రైడే మొదలగు ముఖ్య పర్వములందును సంతలను, తిరునాళ్లను మాన్పించెను. అయినను అందు రెండు కిటికీలు తెరచియుంచిరి: నిత్యావసరమైన ఆహారపదార్థములు అమ్మవచ్చును, కోతకాలమునందలి నాలుగు ఆదివారములు ఈ నిషేధమునకు లోబడవు. పంట యింటికి చేరు దినములలో సంత లేకున్న కుదరదని శాసనకర్తలు ఎఱుగుదురు.

1677లో రెండవ ఛార్లెసు ప్రభుత్వమున వచ్చిన శాసనము అంతకంటె కఠినమైనది. వర్తకులు గాని, పనివారు గాని ఆదివారమున లౌకికమైన వృత్తి చేయరాదు. 14 సంవత్సరములు దాటినవాడు ఈ ఆజ్ఞ మీరినయెడల ఐదు షిల్లింగుల జుల్మానా. అమ్మకమునకు పెట్టిన సరకు జప్తు. ఇంత కఠినమైన శాసనముకూడ పాలకుండ ముందు మెత్తబడెను. ఉదయము తొమ్మిది గంటలకు లోపలను, సాయంకాలము నాలుగు గంటలకు తరువాతను వీధులలో కేకవేసి పాలు అమ్ముకొనవచ్చునని అందే వ్రాసిరి. సత్రములలో, పూటకూళ్ల యిండ్లలో వండిన భోజనమునకు ఆటంకము లేదు. 1698లో మాకెరెల్ అను సముద్రపు చేపనుగూడ దైవప్రార్థనకు ముందో వెనుకనో అమ్మవచ్చునని వేరొక శాసనము చేసిరి. ఆ చేప త్వరగా చెడిపోవును. సోమవారము వరకు ఆగదు. పాలును, చేపయు ధర్మశాస్త్రము నెఱుగవు గదా! కొనువాని యాకలియు, సరకు స్వభావమును శాసనముకంటె బలమైనవని యీ చిన్న మినహాయింపులు చాటుచున్నవి.

పందొమ్మిదవ శతాబ్దమునాటికి లండను మహానగరమైనది. అచ్చటి శ్రమజీవులలో పలువురకు వారపు కూలి శనివారము రాత్రి ప్రొద్దుపోయిన పిదప చేతికి వచ్చుచుండెను. చేతిలో డబ్బు పడునప్పటికి మంచి దుకాణములు మూతపడియుండును. మాంసమైనను, కూరలైనను నిలువచేయుటకు ఆ కాలపు పేదయింట సాధనము లేదు. కావున ఆదివారము ఉదయమే వారి బజారు దినము. ఈ స్థితిలో 1855లో ప్రభువంశీయుడగు రాబర్టు గ్రాస్వెనరు లండనులో ఆదివారపు క్రయవిక్రయములను చాలవరకు నిషేధించు బిల్లును పార్లమెంటున ప్రవేశపెట్టెను. అంగళ్లలోని పనివారికి విశ్రాంతి లభింపవలెనని ఆయన యుద్దేశము. అది చెడ్డదని చెప్పరాదు. కాని ఆ విశ్రాంతికి వెల చెల్లింపవలసినవారు పేదలు. ధనవంతునకు ఆదివారమున అంగడితో పనిలేదు. వాని వంటయింట సరకు నిండియుండును. వాని సేవకులు వండి వడ్డింతురు. వాని క్లబ్బు తలుపులు తెరచియే యుండును.

ఆ సంవత్సరము జూను 24వ తేది ఆదివారమున హైడు పార్కులో వేలకొలది జనము గుమికూడెను. ఆ తోటలో గుఱ్ఱపు బండ్లెక్కి షికారు వచ్చు సంపన్నులను చూచి, వారు “చర్చికి పోండు!” అని పెద్దపెట్టున కేకలు వేసిరి. ఆ కేకలో గొప్ప తర్కము ఇమిడియున్నది. ఆదివారము పవిత్రమైనచో బండి తోలు నౌకరునకు మాత్రము ఎందుకు కాదు? పేదవాడు పావలా మాంసము కొనుట పాపమై, ధనవంతుడు బండి తోలించుకొనుట పుణ్యమగునా? జూలై 1వ తేదీన జనము మరల చేరగా రక్షకభటులు లాఠీలు ఝళిపించిరి. జూలై 2వ తేదీన బిల్లును ఉపసంహరించుకొనిరి. అప్పుడు లండనులో నివసించుచున్న కార్లు మార్క్సు ఈ సంఘటనలను స్వయముగ చూచి ఒక జర్మను పత్రికకు వ్రాసియుండెను. కొనువారు మూకుమ్మడిగా లేచి ఒక మతసంబంధమైన సెలవుశాసనమును పుట్టకముందే ఆపివేసిన ఘట్టమిది. వారు దైవమును ధిక్కరింపలేదు, ఆదివారమును కాదనలేదు. ఒకరి భక్తికి మరియొకరు పస్తుండరాదని మాత్రమే అనిరి.

అట్లని అంగడి గుమాస్తా కష్టము కల్ల కాదు. ఆ కాలమున వస్త్రదుకాణములలో పనిచేయు యువకులు రాత్రి తొమ్మిది, పది గంటలవరకు నిలువుకాళ్లపై నుండవలసినదే. పెక్కుచోట్ల వారికి దుకాణముననే బస, దుకాణముననే భోజనము. 1842లో లండను వస్త్రవర్తకశాలల విషయమై ఒక సంఘము వెలసి, క్రమముగా త్వరితముగ మూయించుటకు ప్రచారము చేసెను. వారు ముందుగా శాసనమును అడుగలేదు; కొనువారినే ప్రార్థించిరి. చీకటిపడిన తరువాత బట్టలు కొనవలదని కుటుంబస్త్రీలకు మనవి చేసిరి. గుమాస్తాకు తీరిక దొరకినచో గ్రంథపఠనమునకు, ఉపన్యాసములు వినుటకు వీలగునని వాదించిరి. గ్రంథాలయాభిమానులకు ఈ మాట ప్రత్యేకముగ రుచించును. పుస్తకమున్నను చదువుటకు గంట దొరకనివానికి గ్రంథాలయము ఉండియు లేనట్లే. ఆంగ్ల నవలాకారుడు హెచ్. జి. వెల్సు బాల్యమున సౌత్‌సీ పట్టణములో ఒక వస్త్రదుకాణమున పని నేర్చుకొనుచు పడిన బాధలను మరువలేదు. 1905లో ప్రచురింపబడిన ఆయన ‘కిప్స్’ నవలలో ఆ జీవితమే ప్రతిఫలించినది. దుకాణపు పనిపిల్లగా జీవితము ప్రారంభించిన మార్గరెటు బాండ్‌ఫీల్డు గ్రేస్ డేర్ అను మారుపేరున గుమాస్తాల దుఃస్థితిని వ్రాసి, కార్మికసంఘమున పనిచేసి, 1929లో బ్రిటిషు మంత్రివర్గమున స్థానము పొందిన మొట్టమొదటి స్త్రీ యయ్యెను.

ఈ సందర్భమున సర్ జాన్ లబ్బకు పేరు చెప్పకుండరాదు. ఆయన బ్యాంకరు, ప్రకృతిశాస్త్రవేత్త, డార్విను మహాశయునకు మిత్రుడు, పార్లమెంటు సభ్యుడు. 1871లో ఆయన కృషివలన బ్యాంకు సెలవుల చట్టము వచ్చినది. ఈస్టరు మరునాటి సోమవారము, ఆగస్టు మొదటి సోమవారము మొదలైనవి ఇంగ్లండున సెలవులైనవి. ఆగస్టు సెలవునకు ఏ పురాణమును ఆధారము లేదు. మనుష్యుడు అలసియున్నాడనుటయే ఆధారము. ప్రజలు సంతసించి ఆ దినమును వేడుకగా ‘సెయింట్ లబ్బకు పండుగ’ అనిరి. 1886లో ఆయన పట్టుదలతోనే మరియొక చట్టము వచ్చి, 18 సంవత్సరముల లోపు వయసుగల దుకాణపు పనివారిచే వారమునకు 74 గంటలకు మించి పని చేయించరాదని నిర్ణయించెను. భోజనవిరామములు కలిపియే 74 గంటలు! ఆ పరిమితియే ఒక వరముగ తోచినదనిన, అంతకుముందు స్థితి యెట్టిదో ఊహింపవచ్చును. అదే సంవత్సరమున లబ్బకు లండనులోని శ్రామికుల కళాశాలలో ఉపన్యసించుచు, చదువదగిన నూరు గ్రంథముల పట్టికను సూచించెను. మన రామాయణ భారతముల సంగ్రహమునకును ఆ పట్టికలో చోటు దొరకినది. తీరికను కోరినవాడే ఆ తీరికను దేనితో నింపవలెనో కూడ చెప్పినాడు.

1911వ సంవత్సరపు దుకాణముల చట్టముచే గుమాస్తాలకు వారమున ఒక అర్ధదినపు సెలవు హక్కైనది. ఒక్కొక్క పట్టణమున ఒక్కొక్క దినము: ఒకచోట బుధవారము, ఒకచోట గురువారము మధ్యాహ్నము బజారు మూతపడును. కొనువారు తమ యూరి మూతదినమును నోటికి నేర్చుకొని, ముందునాడే సరకు తెచ్చుకొనుట అలవాటు చేసికొనిరి. 1855లో తిరుగబడిన జనపు మనుమలే దీనికి ఎట్లు సమ్మతించిరి? నా యభిప్రాయమున కారణము స్పష్టము. మొదటి బిల్లు పేదవానికి మిగిలిన ఒకే బజారు పూటను లాగికొనెను. రెండవది తక్కిన దినములు తెరచియుంచి, ఒక పూటను మాత్రము అడిగెను. అదియు ఎవరికొరకో తెలియజెప్పి అడిగెను. ఎదుట నిలిచి పొట్లము కట్టువాడు తనవంటి శ్రమజీవియేనని కొనువాడు గుర్తించినప్పుడు, మూసిన తలుపు వానికి అవమానముగ తోచదు.

ఇక పరమతస్థుని మాట. యూదులకు విశ్రాంతిదినము శనివారము. శుక్రవారము సూర్యాస్తమయముతో అది ప్రారంభమగును. యూదు వర్తకుడు తన ధర్మమును బట్టి శనివారము మూసి, దేశపు చట్టమును బట్టి ఆదివారముకూడ మూసినచో వారమునకు ఐదు దినములే వ్యాపారము. ప్రక్కవానికి ఆరు. 1936లో ఇంగ్లండు చేసిన ఆదివారపు వర్తకచట్టము ఈ చిక్కును గుర్తించినది. శనివారము మూయు యూదు వర్తకుడు తన పేరు నమోదు చేయించుకొని, ఆదివారము మధ్యాహ్నము రెండు గంటలవరకు అంగడి తెరువవచ్చునని అనుమతించెను. 1950 నాటి చట్టమును ఆ యేర్పాటునే నిలుపుకొనెను.

అమెరికాలో కథ వేరుగా నడచినది. ఫిలడెల్ఫియా నగరమున బట్టలు, గృహోపకరణములు అమ్ము కొందరు యూదు వర్తకులును, మసాచుసెట్సు రాష్ట్రము స్ప్రింగుఫీల్డులోని ఒక యూదు ఆహారవిక్రయశాలవారును ఆదివారపు చట్టములపై వ్యాజ్యములు వేసిరి. స్ప్రింగుఫీల్డు వ్యాజ్యమున అంగడివారితోపాటు కొనువారు కూడ వాదులైరి. తమ ధర్మమునకు తగిన మాంసము దొరకు చోటు అది. శనివారము అది తమ పవిత్రదినము గనుక కొనరాదు. ఆదివారమున చట్టము ఉదయపు కొన్ని గంటలు మాత్రమే మాంసవిక్రయమునకు విడిచినది. ఆ దుకాణమునకు వారపు అమ్మకములో మూడవవంతు ఆదివారముననే జరుగుచుండెనట. 1961 మే 29వ తేదీన అమెరికా అత్యున్నత న్యాయస్థానము ఈ వర్తకులకు ప్రతికూలముగ తీర్పు చెప్పెను. ఈ చట్టములు మతమునుండి పుట్టినను, ఇప్పుడు అందరికి ఒక సామాన్య విశ్రాంతిదినమును కల్పించుటయే వాని ప్రయోజనమని ప్రధాన న్యాయమూర్తి వారెను వివరించెను. తమ ధర్మమును విడుచుటయో, తమ జీవనోపాధిని విడుచుటయో యను సంకటమున వర్తకుని నిలువబెట్టుట తగదని న్యాయమూర్తులు బ్రెనను, స్టూవర్టు భిన్నాభిప్రాయము వ్రాసిరి. సామాన్య విశ్రాంతి మంచిదే. కాని అధికసంఖ్యాకుల పర్వదినమే సామాన్యదినమైనప్పుడు అల్పసంఖ్యాకుడు రెండుమారులు మూల్యము చెల్లించుచున్నాడు. ఇంగ్లండు ఇచ్చిన రెండు గంటలవరకు అనుమతి చిన్నదే యైనను, అందలి న్యాయదృష్టి చిన్నది కాదు.

ఇంగ్లండు చట్టమునకు వేరొక జబ్బు పట్టినది. 1950 చట్టమునకు అనుబంధముగ ఆదివారము అమ్మదగిన సరకుల పట్టిక యొకటి కలదు. దాని ప్రకారము తాజా పాలు అమ్మవచ్చును. డబ్బా పాలు అమ్మరాదు. తాజా కూరలు అమ్మవచ్చును. డబ్బాలో పెట్టినవి కూడదు. సిద్ధాన్నము అమ్మవచ్చును; వేపుడు చేపల దుకాణమున వేపిన చేపలు మాత్రము కూడవు. వార్తాపత్రిక అమ్మవచ్చును, సామాన్యమైన పుస్తకదుకాణమున బైబిలు అమ్మరాదు! దేవుని దినమును కాపాడబోయిన చట్టము దేవుని గ్రంథమునకే అడ్డుతగిలినది. 1677లో పాలకును, చేపకును ఇచ్చిన మినహాయింపులలో ఒక వివేకము కలదు. కాలక్రమమున మినహాయింపులే పెరిగి అడవియైనప్పుడు, కొనువారు నవ్విరి. వర్తకులు చట్టమును ఉల్లంఘించి జుల్మానాలు కట్టిరి. నవ్వులపాలైన చట్టము నిలువజాలదు.

1986లో మార్గరెటు థాచరు ప్రభుత్వము ఆ నిర్బంధములన్నిటిని తొలగించు బిల్లును తెచ్చినది. సభలో ఆమె పక్షమునకు గొప్ప ఆధిక్యము కలదు. అయినను ఏప్రిలు 14వ తేదీన ఆ బిల్లు 282కు 296 ఓట్లతో ఓడిపోయెను. క్రైస్తవసంఘములును, దుకాణపు పనివారి సంఘమును చేయి కలుపుటయే ఈ వింతకు ముఖ్యకారణము. ఒకరు దైవముకొరకును, ఒకరు విశ్రాంతికొరకును నిలిచిరి. ఎనిమిది సంవత్సరములకు 1994లో మధ్యేమార్గము కుదిరినది. చిన్న దుకాణములకు నిర్బంధము లేదు. 280 చదరపు మీటర్లకు మించిన పెద్ద దుకాణములు ఆదివారమున ఉదయము 10 గంటలకును, సాయంకాలము 6 గంటలకును నడుమ ఆరు గంటలు మాత్రము తెరువవచ్చును. ఈస్టరు ఆదివారము తెరువరాదు. ఆదివారమున పని చేయజాలనని చెప్పు హక్కు దుకాణపు పనివారికి లభించినది. 2004 నాటి వేరొక చట్టము క్రిస్మసు ఏ వారమున వచ్చినను పెద్ద దుకాణములు మూయవలెనని నిర్ణయించెను. 2016లో ఈ గంటలను పొడిగించు అధికారము స్థానికసంస్థల కీయవలెనని ప్రభుత్వము ప్రతిపాదింపగా, 286కు 317 ఓట్లతో పార్లమెంటు నిరాకరించెను.

కొనువారి మనసు అన్నిచోట్ల ఒక్కతీరున నుండదనుటకు రెండు నిదర్శనములు చాలును. హంగరీ దేశమున 2015 మార్చిలో పెద్ద దుకాణములు ఆదివారము మూయవలెనని చట్టము చేసిరి. ప్రజలకు అది రుచింపలేదు. ప్రజాభిప్రాయసేకరణకు ప్రయత్నములు సాగుచుండగా, 2016 ఏప్రిలులో ప్రభుత్వమే దానిని రద్దుచేసెను. అమెరికాలో న్యూయార్కు నగరమునకు చేరువనున్న బెర్గెను కౌంటీలో దీనికి విరుద్ధముగ జరిగినది. అచ్చట పెద్దపెద్ద వర్తకశాలలున్నను, బట్టలు, సామగ్రి మొదలైనవి ఆదివారమున అమ్మరాదు. 1993లో ఓటు అడుగగా, అచ్చటి ప్రజలు ఆ నిషేధమునే నిలుపుకొనిరి. వారమున కొకదినమైనను వీధులలో బండ్ల రద్దీ తగ్గి ఊరు నెమ్మదిగా నుండుట వారికి నచ్చినది. మొదటిచోట సెలవును పైనుండి దింపిరి. రెండవచోట నివాసులే దానిని కోరి యుంచుకొనిరి. భేదమంతయు ఇందే కలదు.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. మన పూర్వులకు ఏడు దినములకొక సెలవు లేకున్నను సెలవులే లేవనరాదు. తాపీపనివారు, వడ్రంగులు అమావాస్యనాడు పనిముట్టు పట్టని ఆచారము మన జిల్లాలలో పెక్కుచోట్ల కలదు. మంగళవారము క్షౌరశాలలు మూయుట, శుక్రవారము మధ్యాహ్నము మహమ్మదీయ వర్తకులు నమాజునకై కొట్టు కట్టివేయుట మనకు తెలిసినవే. ఆయుధపూజనాడు తక్కెడకు, గల్లాపెట్టెకు కుంకుమపెట్టి విశ్రాంతి నిత్తుము. వీనికి ఏ ప్రభుత్వమును ఆజ్ఞ యీయలేదు. ఏ కొనువాడును వ్యాజ్యము వేయలేదు. ఊరివారికి ముందుగ తెలిసియుండుటయే దానికి ముఖ్యకారణము. అమావాస్య ఎప్పుడో పంచాంగము చెప్పును. మంగళవారము ఎప్పుడో పసివాడును చెప్పును. అంతేగాక ఒక మతమువారు మూసినప్పుడు మరియొకరి కొట్టు తెరచియుండుట మన బజారులకు కలసివచ్చిన భాగ్యము. సంక్రాంతినాడు ఒకరు, రంజానునాడు ఒకరు, క్రిస్మసునాడు ఒకరు ఊరి అవసరమును కనిపెట్టుకొనియుందురు.

చట్టములు కూడ వచ్చినవి. 1942 నాటి వారపు సెలవుల చట్టము అమలైనచోట్ల ప్రతి దుకాణమును వారమున ఒకదినము పూర్తిగ మూయవలెను. అయితే ఆ దినము ఆదివారమే కానక్కరలేదు. దుకాణదారుడే నిర్ణయించి, కంటికి కనబడుచోట ప్రకటన కట్టవలెను. మూడు మాసములలో ఒకమారుకంటె ఎక్కువగ దానిని మార్చరాదు. ఇందు ఎంతో సరళమైన నేర్పు కలదు. పనివానికి విశ్రాంతి లభించినది. వర్తకునకు తన ధర్మమునకు తగిన దినము నెన్నుకొను స్వేచ్ఛ లభించినది. మాటిమాటికి మార్పు లేదు గనుక కొనువానికి మోసము లేదు. తరువాత ఆంధ్రప్రాంతమున 1947 నాటి మద్రాసు చట్టమును, తెలంగాణమున 1951 నాటి హైదరాబాదు చట్టమును నడచి, ఆ రెంటిస్థానమున 1966లో ఆంధ్రప్రదేశ్ దుకాణముల, సంస్థల చట్టమును, దానికి మారుగ 1988 నాటి చట్టమును వచ్చినవి. 2023లో తెలంగాణ ప్రభుత్వము దుకాణములు రాత్రింబవళ్లు తెరచియుంచుటకు షరతులపై అనుమతి నిచ్చుచు, పనివారికి వారపు సెలవు తప్పక యీయవలెనని ఆదేశించెను. అంగడికి సెలవు వేరు, అందు పనిచేయువానికి సెలవు వేరు అను భావము దీనితో స్పష్టమైనది.

అయినను పర్వదినపు మూత మన దేశమునను వివాదమునకు దూరము కాలేదు. అహమ్మదాబాదు నగరపాలకసంస్థ జైనుల పర్యూషణ పర్వమునందు తన కబేళాలను తొమ్మిది దినములు మూయుటను 2008లో సుప్రీంకోర్టు సమర్థించినది. అది స్వల్పకాలపు నిర్బంధమే గనుక సహింపదగినదని దాని తాత్పర్యము. 2015లో అదే పర్వమున ముంబయిలో మాంసవిక్రయమును నిలిపివేయగా తీవ్రమైన నిరసనలు చెలరేగెను. ఆ సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు మాంసవిక్రయముపై నిషేధమును నిలుపుదల చేసెను. ఇరుగుపొరుగు మనసు నొవ్వకుండ ఒకనాడు స్వయముగ మానుకొనుట సౌజన్యము; మానుమని బలవంతపెట్టుట వేరు. మొదటిది ఇచ్చినవానికి గౌరవము తెచ్చును. రెండవది పుచ్చుకొన్నవానికి కూడ గౌరవము తేదు. హైడు పార్కునాటి కేకకును, ముంబయి నిరసనకును నడుమ 160 సంవత్సరముల దూరమున్నను, కొనువాని హృదయమున మెదలిన ప్రశ్న ఒక్కటియే.

ఈ చరిత్రనుండి నాకు తోచిన సారమును మూడు మాటలలో చెప్పుదును. సెలవు ఎప్పుడో ముందుగా తెలిసియుండవలెను. సెలవు ఎవరికొరకో కొనువానికి తెలియవలెను. ఒకరి పర్వదినము మరియొకరి పొయ్యి నార్పరాదు. ఈ మూడును కుదిరినచోట కొనువాడు గొణగడు. కుదరనిచోట రాజశాసనమైనను నిలువదు. నేడు పట్టణముల బజారులలో పండుగ దగ్గరపడుకొలది అమ్మకములు పెరుగుచున్నవి. దీపావళిరాత్రి అందరి యింటను దీపము వెలుగుచుండగా, కొట్టు కుర్రవాడు లెక్కలు ముగించి యింటికి చేరునప్పటికి ప్రమిదలు కొండెక్కుచున్నవి. పండుగ సరకును ఒకదినము ముందు కొనుట మనకు పెద్దకష్టము కాదు. ఆ చిన్న జాగ్రత్త ఒక యింట దీపమును సకాలమున వెలిగించును. చట్టము చేయలేని మేలు కొనువారు చేయగలరు.

మన రాష్ట్రములలోని ప్రభుత్వ శాఖాగ్రంథాలయములు పెక్కు శుక్రవారము సెలవు పాటించి, ఆదివారము తలుపులు తెరచియుంచుట పాఠకులకు అనుభవమే. లోకమునకు తీరిక దొరకిన దినమున గ్రంథాలయము పనిచేయుచున్నది. దాని పనివారు వేరొకదినమున విశ్రమించుచున్నారు. ఎవరి తీరికకును భంగము లేకుండ ఒకరికొకరు చోటిచ్చుకొను పద్ధతి ఇది. అంగడి గుమాస్తాలును, నూలుమిల్లు పనివారును, రైతుకూలీలును తమ సెలవుదినమున వచ్చి కూర్చుండి చదువుకొనుటకు ఒక బల్లయు, ఒక దీపమును ఈ యూరిలో ఇరువదియైదు సంవత్సరములుగా నిలిచియుండుట సామాన్యవిషయము కాదు. విశ్రాంతికొరకు దేశదేశముల పనివారు చేసిన పోరాటమునకు ఇట్టి గ్రంథాలయములే తగిన ఫలము. ఈ రజతోత్సవ గ్రంథాలయము స్వర్ణోత్సవము, వజ్రోత్సవము జరుపుకొని, తీరికగల ప్రతివానికి పుస్తకమును, పుస్తకము కోరు ప్రతివానికి తీరికను కూర్చుచు చిరకాలము వర్ధిల్లుగాక!